లోపలి గాయం – మూడో పాఠం: మనల్ని మనం పలకరించుకోవడం

మొదటి పాఠంలో బాధ వచ్చినప్పుడు అది ఒంట్లో ఎక్కడ కూర్చుంటుందో గమనించడం నేర్చుకున్నాం. గొంతులోనా, రొమ్ములోనా, కడుపులోనా అని. రెండో పాఠంలో, చావు ఎరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మని, బిడ్డను పోగొట్టుకున్న కిసాగోతమిని బుద్ధుడు పంపిన కథ చెప్పుకున్నాం. దుఃఖం నా ఒక్క ఇంటిదే కాదని అప్పుడు తెలిసింది. ఈ వారం చేయాల్సింది ఆ రెంటికన్నా కష్టం: మనతో మనం మంచిగా మాట్లాడటం. స్వీయ కరుణను 2003లో అమెరికా పరిశోధకురాలు క్రిస్టిన్ నెఫ్ ఈ మూడు భాగాలుగానే వివరించింది. నేను వరుస మాత్రం మార్చాను. తిట్టుకోవడం అలవాటైన మనిషికి మంచి మాట మొదటి రోజే నోట రాదు.

ఒక కాగితం తీసుకోండి. మీ బాధ గురించి మిమ్మల్ని మీరు ఏమని తిట్టుకుంటున్నారో, నోటికొచ్చినట్టే రాయండి. నాది ఇది: "నువ్వు మనిషివేనా? ఫోన్ ఎత్తితే మీ నాయిన బతికేటోడు."

నాయిన పోయిన రాత్రి దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి నాకు మూడుసార్లు ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లో నిద్రపోతున్నాను. పొద్దున చూసేసరికి అంతా అయిపోయింది. ఆరేండ్లు ఆ మాట నన్ను వదల్లేదు. గుడికి పోయినా అదే. దేవుడికి దండం పెడుతూ దండన అడిగేదాన్ని.

నా కండ్లు తెరిపించింది మా నల్లగొండ నీళ్లు. మర్రిగూడ, మునుగోడు దిక్కు కాళ్లు వంకరపోయిన పిల్లలను చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. "నేనే ఏ జన్మల్నో పాపం చేసిన" అని కుమిలిన తల్లులున్నారు. అసలు కారణం బోరు నీళ్లలోని ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీళ్లు చిన్నప్పుడు ఏండ్ల తరబడి తాగితే పండ్లకు గార పడుతుంది. ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువైతే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి, ఎదిగే పిల్లల కాళ్లు వంగిపోతాయి. ఆ నీళ్లు చూడటానికి తేటగానే ఉంటాయి, వాసన రాదు. దూప అన్న బిడ్డకు ఆ తల్లి ఇచ్చింది నీళ్లు. ఇంట్లో ఉన్న నీళ్లు అవే.

ఆ తల్లి మీ ముందు కూర్చుని ఏడిస్తే ఏమంటారు? ఆ మాట మనసులో పెట్టుకుని మీ కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒక దాంట్లో "ఆ రోజు నాకు తెలిసింది" అని, రెండో దాంట్లో "తర్వాత తెలిసింది" అని రాయండి. నా మొదటి గడిలో "అలసిపోయి పండుకున్న" అన్న ఒక్క మాటే ఉంది. రెండో గడి నిండిపోయింది. తర్వాత తెలిసినదాన్ని పట్టుకుని ఆ రోజటి మనిషికి ఆరేండ్లు శిక్ష వేశానన్నమాట. తొందరపడకండి, ఈ గళ్లు నింపడానికి ఒక పూట పట్టినా ఫర్వాలేదు.

ఇక పలకరింపు. మొదట్లో నేను "నన్ను నేను ప్రేమిస్తున్నాను" అనుకుంటూ కూర్చున్నాను. పుస్తకాల తెలుగు నా గుండెకు ఆనలేదు. అప్పుడు మా అవ్వ యాదికొచ్చింది. చిన్నప్పుడు బండ మీద జారిపడితే ఆమె ఉరికొచ్చి లేపేది, మట్టి దులిపేది, "ఏం గాదు బిడ్డా, నేనున్న గద. ఏడువు, జర సేపు ఏడువు" అనేది. "ఎందుకు ఉరికినవే?" అని అడగడం తర్వాతెప్పుడో. నేను ఆరేండ్లూ ముందు అడగడమే చేశాను, లేపడం మర్చిపోయాను.

కాబట్టి మీ ఇంటి భాషలోనే మాట్లాడండి. రాత్రి అందరూ పండుకున్నాక కూర్చుని, అరచేయి రొమ్ము మీద పెట్టుకోండి. నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది, చేయి కింద మీకే తెలుస్తుంది. ఐదారు సార్లయ్యాక, చిన్నప్పుడు మిమ్మల్ని ముద్దుగా పిలిచిన పేరుతో, మీకే వినపడేంత మెల్లగా మూడు మాటలనండి. మొదటిది బాధను ఒప్పుకునే మాట: "మస్తు నొస్తుంది గదా." రెండోది: "నేనున్న." మూడోది ప్రశ్న: "ఇప్పుడు నీకేం గావాలె?" జవాబు వస్తే వినండి. నిద్ర అంటుందేమో, అక్కకు ఫోన్ చెయ్యి అంటుందేమో. రాకపోతే చేయి తీయకుండా ఇంకాసేపు కూర్చోండి.

కొందరికి ఇలా మొదలుపెట్టగానే ఏడుపు ఎక్కువవుతుంది. భయపడకండి. రోహిణి ఎండలకు కాలిన చెల్క మీద మొదటి వాన పడితే ముందు సెగే లేస్తుంది. ఆ రాత్రికి ఆపేసి, ముఖం కడుక్కుని, ఏదన్నా తిని పండుకోండి.

నిజంగా మీవల్ల ఒకరికి నష్టం జరిగి ఉంటే, ఈ పలకరింపు దాన్ని మాఫీ చేయదు. క్షమాపణ అడిగే పని వేరే ఉంది. దానికి పోయేటప్పుడు కాళ్లు వణకకుండా నిలబడాలంటే ముందు ఇది కావాలి.

నమ్మకం గురించి. మా దిక్కు ఒంట్లో బాగాలేనివాళ్లు యాదగిరిగుట్టకు పోయి, రోజుల తరబడి అక్కడే ఉండి ప్రదక్షిణలు చేస్తారు. స్వామిని వైద్య నరసింహుడంటారు. ఆయన కథలో నన్ను ఆపేసే ఘట్టం హిరణ్యకశిపుడు చచ్చిన తర్వాతిది. కోపం చల్లారలేదు, దేవతలు దగ్గరికి పోలేదు, లక్ష్మీదేవే వెనుకాడింది. పసివాడు ప్రహ్లాదుడు పోయి కాళ్ల మీద పడ్డాడు. స్వామి వాడిని లేపి తల మీద చేయి పెట్టాడు. అప్పటిదాకా రాక్షసుడి పేగులు తీసిన చేయి అది. వాడు ఆ రాక్షసుడి కొడుకే, అయినా "నీ తండ్రి వల్లనే" అన్న మాట రాలేదు. నేను దేవుడి దగ్గర వెతికిన దండన ఆ కథలోనే లేదు.

రొమ్ము మీద చేయి పెట్టుకున్నప్పుడు దాన్ని ఆ చేయిగా తలుచుకుంటాను. జాన్‌పహాడ్ దర్గాకు పోయేవాళ్లు, ఆదివారం చర్చిలో మోకరిల్లేవాళ్లు తమ నోటికి తెలిసిన ప్రార్థననే ఆ మూడు మాటల తర్వాత చేర్చుకోండి. ఇప్పటికీ అర్ధరాత్రి ఫోన్ మోగితే నాకు గుండె జల్లుమంటుంది. చేయి దానంతటదే పైకి పోతుంది.

ఏడు రాత్రులు చేయండి. రోజుకో వాక్యం రాయండి. మాట రాని రోజు "రాలేదు" అని రాయండి. రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగా లేకపోయినా, చచ్చిపోవాలనిపించినా ఈ పాఠం ఒక్కటే సరిపోదు. ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టర్‌ను కలవండి. మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

నాలుగో పాఠం క్షమాపణ అడగడం గురించి. గళ్లు గీసిన కాగితం చింపేయకండి, దానికి కావాలి.