వానలకు ముందు: వాగు పక్క ప్లాటు కొనేవాళ్ళకు, కట్టేవాళ్ళకు

మొన్నటి వాయుగుండం వానకు నాయుడుపేట దాటాక ఒక వెంచరులో సరిహద్దు రాళ్ళ తలలు తప్ప ఇంకేమీ కనపడలేదు. గేటు మీద ఫ్లెక్సీ మాత్రం చెక్కుచెదరలేదు. 2021 నవంబరులో తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డు కోసుకుపోయి ఇల్లు ఏట్లోకి ఒరిగిపోవడం రాష్ట్రమంతా ఫోన్లలో చూసింది. అయినా బేరాలు ఆగలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అల్పపీడనాలు మన తీరం మీదే కదా.

ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయండి, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) చూడండి అని మళ్ళీ చెప్పను, అవి అందరికీ తెలుసు. మా వైపు జనాన్ని ముంచుతున్న పొరపాటు వేరే ఉంది: పట్టా ఉంది, రిజిస్ట్రేషన్ అయింది, ఇక కట్టుకోవచ్చు అనుకోవడం.

రిజిస్ట్రేషన్ అంటే హక్కు చేతులు మారడం, అంతే. సబ్ రిజిస్ట్రారు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో, ఆ సర్వే నంబరు ఉందా లేదా చూస్తారు, స్టాంపు డ్యూటీ కట్టించుకుంటారు. అక్కడ నీళ్ళు పారతాయా అన్నది ఆయన పని కాదు. చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు నిలబడే మేరలో, అంటే ఎఫ్‌టీఎల్ లోపల, పట్టా భూములు కూడా ఉంటాయి. నీళ్ళు తగ్గాక సాగు చేసుకుంటారు. సాగు చేసుకునే పట్టా ఇల్లు కట్టుకునే అనుమతి కాదు. పట్టాదారు అబద్ధం చెప్పకపోయినా మీరు మునుగుతారు.

కాగితాల్లో చూడాల్సినవి

డైగ్లాట్‌లో, అంటే ఊరి భూముల పాత సర్వే రిజిస్టరులో, ఆ సర్వే నంబరుకు, చుట్టుపక్కల నంబర్లకు ఎదురుగా ఏం రాసి ఉందో చూడండి. వాగు పోరంబోకు, కాలువ, కుంట అని ఉంటే అక్కడే ఆగండి. రీసర్వే జరిగిన ఊళ్ళో ఎల్‌పీఎం నంబరు (కొత్త సర్వేలో ఆ భూమికి ఇచ్చిన నంబరు) చూపిస్తారు. దాంతో సరిపెట్టుకోకుండా పాత ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం), గ్రామ నక్ష (ఊరి పటం) తీయించి రెండూ పక్కపక్కన పెట్టండి. పాత నక్షలో వంకర గీతగా ఉన్న కాలువ లేఅవుట్ ప్లానులో నలభై అడుగుల రోడ్డుగా మారడం మామూలైపోయింది.

దూరాల సంగతి. ఆంధ్రప్రదేశ్ 2017 భవన నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. నదికైతే మున్సిపాలిటీ లోపల 50 మీటర్లు, బయట 100. కొలత మొదలుపెట్టాల్సింది చెరువు నిండినప్పటి అంచు నుంచి, మే నెలలో తడి కనిపించే చోటు నుంచి కాదు.

పులికాట్ వైపు

తడ, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు పక్క కొంటుంటే సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి పరిధి) మ్యాపు కూడా చూడాలి. సముద్రం ఎక్కడో ఉంది కదా అంటారు. పోటు నీరు ఎక్కే ఉప్పుటేరులూ ఆ నిబంధన కిందికే వస్తాయి. 2019 నోటిఫికేషన్ ప్రకారం వాటి ఒడ్డున 50 మీటర్లు, లేదా ఏరు వెడల్పు, రెండిట్లో ఏది తక్కువైతే అంత మేర ఆ పరిధిలోకి వస్తుంది. పోటు గీత, అంటే పోటు నీరు చేరే అంచు, ఎక్కడుందో మ్యాపే చెప్పాలి, కంటితో తేలదు. పులికాట్ సరస్సు పక్షుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ లెక్క మళ్ళీ వేరు. పంచాయతీ ఇచ్చిన కాగితం ఒక్కటే పట్టుకుని పునాది తీయకండి. బ్రోచరులో 'లేక్ వ్యూ' అని కనపడితే నాకు ముందు భయమేస్తుంది.

ఇక వరసగా చెబుతాను.

ఎండాకాలంలో చూసిన స్థలాన్ని ఎండాకాలంలోనే కొనకండి. వాన పడ్డ మర్నాడు వెళ్ళండి.

గడ్డపారతో రెండడుగులు తవ్వించండి. పైన ఎర్ర గ్రావెల్, కింద నల్ల బురద, అందులో నత్తగుల్లలు ఉంటే అది పూడ్చిన కుంట.

కంచె తీగల మీద ఎండిన చెత్త ఎంత ఎత్తున చిక్కుకుందో చూడండి. కిందటేడు నీళ్ళు అంతవరకు వచ్చాయి.

జమ్ము, తుంగ మొలిచిన చోటు వద్దు.

చెరువు మొరవ (నిండాక నీళ్ళు పొర్లే చోటు) నీళ్ళు ఎటు పోతాయో ఊళ్ళో గొర్రెలు కాసేవాళ్ళను అడగండి. బ్రోకరును కాదు.

ప్లాటు మెరక చేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. మీరు తోలిన మట్టి పక్కవాడి ఇంట్లోకి నీళ్ళు తోస్తుంది, కేసు మీ మీదకు వస్తుంది.

కాలువ మీద తూము వేసి దాని మీద గోడ కట్టకండి. కొట్టుకొచ్చే తుమ్మకంపకు ఆ తూము ఒక్క రాత్రిలో మూసుకుపోతుంది.

పట్టా ఉంది, రిజిస్ట్రేషన్ అయింది అని ఎవరైనా అంటే, ప్లాను అప్రూవల్ నంబరు అడగండి. లేదంటే లేచి వచ్చేయండి. అడ్వాన్సు ఇవ్వొద్దు. బంధువైనా సరే.

ఇప్పటికే కొనేశారా? ఈ సీజన్లో పునాది తీయొద్దు. ముందు సర్వేయరుతో కొలిపించండి.

ఎగువన ఎవరైనా కాలువ పూడుస్తుంటే వానల దాకా ఆగకండి. సర్వే నంబరుతో, ఫోటోలతో తహసీల్దారుకు రాసివ్వండి. కదలకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే పీజీఆర్ఎస్‌కు (ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమం) వెళ్ళండి. నోటిమాటగా చెప్పి రావద్దు, అర్జీ నంబరు తీసుకునే బయటికి రండి.