ఫోన్ బ్యాటరీ పాఠాలు – 3: ముప్పై ఉందంటూనే ఆరిపోయే ఫోను

గత పాఠంలో సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ తెరిచి ఏ యాప్ ఎంత తింటోందో చూడటం నేర్చుకున్నాం. మూడు రోజుల అంకెలు రాసిపెట్టుకోమన్నాను. రాసినవాళ్లలో కొందరికి ఒక చిక్కు ఎదురై ఉంటుంది. యాప్‌లేవీ పెద్దగా తిన్నట్టు లేదు, అయినా సాయంత్రానికి ఫోను ఖాళీ. ఇంకొందరిది మరీ విడ్డూరం. 30 శాతం ఉందని చూపిస్తూనే ఠపీమని స్విచ్ఛాఫ్ అయింది, ఛార్జర్ పెట్టగానే 22 అంది. ఆ ఎనిమిది ఎవరు మింగారు?

ఇవి రెండు వేరువేరు జబ్బులు. ఒకటి ఛార్జింగ్ నిజంగానే దిగిపోవడం. రెండోది దిగిందెంతో చెప్పే లెక్క తప్పడం, లేదా లోపల ఉన్నదాన్ని బ్యాటరీ బయటికి ఇవ్వలేకపోవడం. షాపుకి వెళ్తే రెంటికీ ఒకే మందు రాస్తారు: బ్యాటరీ మార్చెయ్యండి. మార్చాల్సిన రోజు రావచ్చు, కానీ అది మీరు తేల్చుకుని వెళ్లాల్సిన సంగతి. ఈ పాఠం పని అంతవరకే. కావలసింది ఒక నోటు పుస్తకం, రెండు రాత్రులు.

గ్యాస్ బండలో ఎంత ఉంది?

మా మేనత్త పోయిన సంక్రాంతికి ఫోను నా ఒళ్లో పడేసింది. "ఒరే, నలభై ఉందిరా. ముగ్గు ఫొటో తీద్దామని ఇలా పెట్టానో లేదో, చచ్చి ఊరుకుంది."

"అత్తా, మన గ్యాస్ బండలో ఎంత మిగిలిందో నీకెలా తెలుస్తుంది?"

"పెట్టిన రోజు క్యాలెండర్లో రాస్తాగా. మీ మామయ్యకీ నాకూ అయితే రెండు నెలలొస్తుంది. మీరంతా దిగితే నెలకే సరి."

"మంట చూసి చెప్పలేవా?"

"మంటకేం తెలుస్తుందిరా, ఆఖరి రోజు దాకా ఒకేలా మండుతుంది. ఆ రోజు మాత్రం పప్పు సగం ఉడికేసరికి చప్పబడిపోతుంది."

ఫోను బ్యాటరీ శాతం ఎలా వస్తుందో అడిగితే నేను చెప్పబోయేది దాదాపు ఇదే. బండ లోపలికి కన్ను వెళ్లదు. బ్యాటరీ లోపలికీ అంతే. మీ తెర మీది 43 అనే అంకెను ఎవరూ కొలవలేదు, లెక్క కట్టారు. ఆ లెక్క కట్టే చిప్‌ను ఫ్యూయల్ గేజ్ అంటారు. దాని దగ్గర రెండు దారులున్నాయి, రెండూ మా అత్తకు తెలిసినవే.

మొదటిది క్యాలెండర్ దారి. కరెంటు పోయే తోవలో ఒక చిన్న రెసిస్టర్ (కరెంటుకు కాస్త అడ్డుపడే ముక్క) ఉంటుంది, దాని విలువ కొద్ది మిల్లీ ఓమ్‌లే. దాని మీద పడే వోల్టేజీని గేజ్ క్షణక్షణం చూస్తూ ఎంత లోపలికి వచ్చింది, ఎంత బయటికి పోయింది అని చిట్టా రాస్తూ ఉంటుంది. దీన్ని కూలంబ్ కౌంటింగ్ అంటారు. చుట్టాలొచ్చినా లెక్క తప్పని పద్ధతి ఇది. కానీ రెండు లోపాలున్నాయి. చిల్లర పొరపాట్లు రోజూ కాస్త కాస్తగా పోగవుతాయి. పైగా నిండు బ్యాటరీలో ఎంత పడుతుందో ముందే తెలిసి ఉండాలి. కొత్తప్పుడు 5000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత) పట్టిన బ్యాటరీ మూడేళ్లకు 4000 పట్టొచ్చు. గేజ్ ఇంకా 5000 అనుకుంటూ ఉంటే? బండలో 14.2 కిలోలున్నాయని నమ్మి నెల గడిపేస్తే, అసలు వచ్చిందే 11 కిలోలన్నమాట.

రెండోది మంట దారి, అంటే వోల్టేజీ. నిండు లిథియం అయాన్ సెల్ పాత ఫోన్లలో 4.2 వోల్టులు, ఇప్పటివాటిలో 4.4 చుట్టుపక్కల ఉంటుంది. అక్కడి నుంచి దిగి మధ్యలో చాలాసేపు 3.9, 3.7 మధ్య నింపాదిగా నడుస్తుంది. చివర్లో గభాల్న జారుతుంది. 60 శాతానికీ 30 శాతానికీ మధ్య తేడా సుమారు పదో వంతు వోల్టు ఉంటుందేమో. అంత చిన్న తేడా చూసి శాతం చెప్పడం మంట చూసి బండ బరువు చెప్పడం లాంటిదే. అందుకే గేజ్ మధ్యలో చిట్టాను నమ్ముతుంది, రెండు కొసల్లో వోల్టేజీతో సరిచూసుకుంటుంది. రోజూ 40 నుంచి 80 దాకానే ఛార్జ్ చేసేవాళ్ల ఫోన్లో లెక్క నెమ్మదిగా పక్కకు జరిగేది ఇందుకే. ఆ అలవాటు బ్యాటరీ ఆయుష్షుకు మంచిది, గేజ్‌కి మాత్రం కొస ముట్టుకునే అవకాశం దొరకదు.

ఫొటో తీయబోతే ఎందుకు చచ్చింది?

ఈ ఒక్క భాగం నిదానంగా చదవండి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

బండ అయిపోవచ్చినప్పుడు రెండు బర్నర్లూ పెద్ద మంట మీద పెడితే రెండూ నీరసిస్తాయి. ఒకటి కట్టేస్తే రెండోది తేరుకుంటుంది. బ్యాటరీలోనూ అంతే. ప్రతి బ్యాటరీకి లోపల కొంత నిరోధం, అంటే కరెంటుకు అడ్డు, ఉంటుంది. ఎక్కువ కరెంటు లాగిన కొద్దీ వోల్టేజీ అక్కడే కొంత పడిపోతుంది. ఎంత పడుతుందంటే, కరెంటును నిరోధంతో గుణించినంత.

లెక్క వేసి చూద్దాం. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 3.6 వోల్టులుంది. 3.3 కంటే కిందికి దిగితే ఈ ఫోను ఆగిపోతుందనుకోండి. కెమెరా తెరిచి ఫ్లాష్ వేయగానే 2 ఆంపియర్లు లాగింది. కొత్త బ్యాటరీ నిరోధం 0.1 ఓమ్ అయితే 0.2 వోల్టులు పడుతుంది. మిగిలింది 3.4, ఫొటో వచ్చింది. అదే బ్యాటరీ ముసలిదై నిరోధం 0.2 అయితే 0.4 పడుతుంది. మిగిలింది 3.2. ఫోను చచ్చింది. ఆరిపోగానే లాగేవాళ్లు లేరు కాబట్టి వోల్టేజీ మళ్లీ 3.6కి తేరుకుంటుంది. ఛార్జర్ పెట్టగానే 22 కనిపించడంలో మాయ లేదు. ఆ 22 శాతం లోపల నిజంగానే ఉంది, బయటికి తీసుకునే ఓపికే బ్యాటరీకి లేదు.

చలి ఈ నిరోధాన్ని ఇంకా పెంచుతుంది. శీతకాలం తెల్లవారుజామున లంబసింగిలో సూర్యోదయం వీడియో తీయబోయి ఫోను ఆరిపోయినవాళ్లు, కిందికి దిగి చింతపల్లిలో టీ తాగేసరికి అదే ఫోను మామూలుగా వెలగడం చూసే ఉంటారు. అమెరికాలో మంచు పడే ఊళ్లలో ఉన్న మనవాళ్లకు ఇది ఏటా జరిగే సంగతే. జేబులో లోపలివైపు పెట్టుకుంటే చాలు.

ఈ గొడవ ఒకసారి ప్రపంచమంతా రచ్చయింది. 2016 చివర్లో కొన్ని ఐఫోన్లు ఛార్జింగ్ ఉండగానే ఆరిపోవడం మొదలైంది. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) 10.2.1లో ఆపిల్ దానికో ఉపాయం చేసింది. బ్యాటరీ ముసలిదైతే ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ లాగకుండా ఫోను వేగం తగ్గించింది. రెండు బర్నర్ల బదులు ఒకటే వెలిగించడం అన్నమాట. ఇంజినీరింగ్‌గా తప్పు పట్టలేం, కానీ వాడేవాళ్లకు విడమరిచి చెప్పలేదు. ఆ డిసెంబరులో సంగతి బయటపడి, ఆపిల్ క్షమాపణ చెప్పి, వారంటీ దాటిన బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. ఇవాళ ఐఫోన్‌లో కనిపించే బ్యాటరీ ఆరోగ్యం పేజీ ఆ గొడవ తర్వాత, 2018లో ఐఓఎస్ 11.3తో వచ్చిందే. ఆ ఆరోగ్యం అంకె కూడా లెక్క కట్టిందే సుమా. ఐఫోన్ 11 వరుసలో అది తప్పుగా వస్తోందని 2021లో ఐఓఎస్ 14.5తో మళ్లీ సరిచేయాల్సి వచ్చింది.

మీ ఫోను ఏమంటోంది?

20, 40 మధ్య ఉండగా కెమెరా, వీడియో కాల్, గేమ్ లాంటి బరువు పని పెట్టగానే ఆరిపోయి, ఛార్జర్ పెట్టగానే రెండంకెల శాతం చూపిస్తే బ్యాటరీ ముసలిది. ఏ యాప్ తీసేసినా లాభం లేదు.

రీస్టార్ట్ చేస్తే 34 కాస్తా 21 అయిందా? గేజ్ చిట్టా పోగొట్టుకుని మంట చూసి మళ్లీ అంచనా వేసింది. ఎప్పుడో ఒకసారి అయితే వదిలేయండి. ప్రతిసారీ అయితే లెక్క తప్పింది, కింద చెప్పే సవరణ చేయండి. ఒక్క శాతం దగ్గర అరగంట నడవడం కూడా ఈ కోవదే, కాకపోతే మనకు కలిసొచ్చే తప్పు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు.

బ్యాటరీ మార్పించిన వారంలోనే అంకెలు గంతులేస్తున్నాయా? చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో గేజ్ ఉండేది బ్యాటరీలో కాదు, ఫోను సర్క్యూట్ బోర్డు మీద. ఒరిజినల్ బ్యాటరీ స్వభావం దానికి ముందే నేర్పి పెట్టారు. డూప్లికేట్ బ్యాటరీ మీద 6000 అని స్టిక్కర్ వేసినా గేజ్ పాత కొలతలతోనే లెక్క కడుతుంది. ఐఫోన్‌లో గేజ్ బ్యాటరీతోపాటే వస్తుంది, అక్కడ కథ వేరు. దీని గురించి వచ్చే పాఠంలో విడిగా చెబుతాను.

తెర పక్కకు లేచినా, వెనక మూత ఉబ్బినా ఈ పాఠం ఇక్కడే ఆపేయండి. ఛార్జ్ పెట్టకండి, నొక్కి సరిచేయాలని చూడకండి. రేపు కాదు, ఇవాళే షాపుకి తీసుకెళ్లండి.

వీటిలో ఏదీ లేకుండా అంకె నున్నగా, కానీ వేగంగా దిగుతోందంటే అది నిజమైన ఖర్చు. దానికే రెండు రాత్రుల పరీక్ష.

రెండు రాత్రుల పరీక్ష

100 నుంచి మొదలుపెట్టకండి. చాలా ఫోన్లు ఛార్జింగ్ నిండాక లోపల కాస్త దిగినా పైకి 100 అనే చూపిస్తాయి, అందువల్ల మొదటి రెండు మూడు శాతాలు నమ్మదగ్గవి కావు. 80 దగ్గర ఆపండి. మొదటి రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా కట్టేసి, పడుకునేటప్పటి శాతం, టైము రాయండి. పొద్దున లేవగానే మళ్లీ రాయండి. రెండో రాత్రి అదే 80 నుంచి, అంతా మామూలుగా ఉంచి రాయండి.

ఇప్పుడు లెక్క. 5000 ఎంఏహెచ్ ఫోను 8 గంటల్లో 3 శాతం దిగితే 150 పోయినట్టు, అంటే గంటకు దాదాపు 19. ఫోను నిద్రపోయింది. 20 శాతం దిగితే 1000 పోయినట్టు, గంటకు 125. తెర వెలగకుండా అంత లాగుతోందంటే లోపల ఎవరో రాత్రంతా మేలుకునే ఉన్నారు.

రెండు రాత్రులూ ఒకేలా ఎక్కువగా దిగితే తప్పు ఫోన్లోనే ఉంది: మొండికేసిన యాప్, లేదా బోర్డులో లీకేజీ. సేఫ్ మోడ్‌లో మూడో రాత్రి పెట్టి చూడండి. అందులో మీరు వేసుకున్న యాప్‌లు నడవవు. అక్కడా దిగితే బోర్డును అనుమానించాలి. మొదటి రాత్రి బాగుండి రెండో రాత్రి దిగితే నెట్‌వర్క్ వైపు చూడండి. టవర్ దూరమైన కొద్దీ ఫోను గొంతు చించుకుని అరవాలి, సిగ్నల్ ఒక గీత ఉన్న గదిలో రాత్రంతా టవర్‌ను వెతుక్కుంటూనే ఉంటుంది. ఆ గదిలో వైఫై ఉంటే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి వైఫై కాలింగ్ వాడండి. మా ఇంట్లో వెనక గదికి ఇదే మందు.

డార్క్ మోడ్ గురించి అందరూ అడుగుతారు. ఎల్‌సీడీ తెరలో వెనక దీపం ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి దాదాపు ప్రయోజనం లేదు. ఏ చుక్కకు ఆ చుక్క విడిగా వెలిగే ఓఎల్ఈడీ తెర మీద అమెరికాలోని పర్‌డ్యూ యూనివర్సిటీవాళ్లు 2021లో కొలిచారు. వెలుగు 100 శాతం ఉంటే సగటున 39 నుంచి 47 శాతం ఆదా. మనం ఇళ్లలో వాడే 30, 50 శాతం వెలుగులో అయితే 3 నుంచి 9. ఎండలో బండి మీద తిరిగేవాళ్లకు పనికొస్తుంది, మంచం మీద పడుకుని చూసేవాళ్లకు అంతంతమాత్రం.

లెక్క సవరించడం

లెక్క తప్పిందని తేలితేనే ఇది చేయండి, అదీ రెండు మూడు నెలలకోసారికి మించి వద్దు. ఫోను తనంతట తాను ఆరిపోయేదాకా మామూలుగా వాడండి. ఆరిపోయాక రెండు గంటలు కదపకుండా పెట్టండి, వోల్టేజీ నిలకడకు రావడానికి ఆ సమయం కావాలి. తర్వాత ఫోను ఆన్ చేయకుండానే ఛార్జ్ పెట్టి, 100 వచ్చాక ఇంకో గంట ఉంచండి. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం వద్దు. రామగుండం ఎండల్లో ఛార్జింగ్ మధ్యలోనే ఆగిపోతుంది, ఫోను తనను తాను కాపాడుకోవడానికి. గేజ్‌కి రెండు కొసలూ దొరికాయి, ఇక కొత్త కొలతతో చిట్టా మొదలుపెడుతుంది. బియ్యం పెరగవు, త్రాసు సరవుతుంది. సవరించాక ఫోను ఇంకా తొందరగా సున్నాకి వస్తున్నట్టు అనిపిస్తే కంగారు పడకండి, ఇన్నాళ్లూ లేనిది ఉన్నట్టు చూపించింది అంతే.

ప్లేస్టోర్‌లో బ్యాటరీ కాలిబ్రేషన్ అని దొరికే యాప్‌లు వద్దు. వాటిలో చాలావరకు బ్యాటరీస్టాట్స్ అనే ఫైలు చెరిపేసి పని అయిపోయిందంటాయి. ఆ ఫైలుకీ తెర మీది శాతానికీ సంబంధమే లేదని గూగుల్‌లో ఆండ్రాయిడ్ రాసిన ఇంజినీర్ డయాన్ హాక్‌బోర్న్ ఏళ్ల క్రితమే చెప్పింది. అయినా ఆ యాప్‌లు చావలేదు.

మా అత్త ఫోను సంగతి మరిచాను. రెండు రాత్రులూ రెండేసి శాతమే దిగింది. కెమెరా తెరిస్తే మాత్రం 35 దగ్గర చచ్చింది. బ్యాటరీ మార్పించాం.

ఇంటిపని: రెండు రాత్రుల అంకెలు, 30 దగ్గర కెమెరాలో ఒక నిమిషం వీడియో తీస్తే ఏమైందో ఒక వాక్యం. *#*#4636#*#* డయల్ చేస్తే కొన్ని ఫోన్లలో బ్యాటరీ వోల్టేజీ కనిపిస్తుంది. కనిపిస్తే, వీడియోకు ముందు ఎంత ఉందో, ఆపగానే ఎంత ఉందో కూడా రాసిపెట్టండి. నాలుగో పాఠంలో డూప్లికేట్ బ్యాటరీని షాపు కౌంటర్ దగ్గరే పట్టుకోవడానికి ఆ రెండు అంకెలు కావాలి.