రెండు రోజుల్లో ఓరుగల్లు: మిత్రులతో కారులో వెళ్లదలచిన విద్యార్థులకు

హైదరాబాదులో చదువుకునే విద్యార్థులు శనివారం తెల్లవారుజామున బయలుదేరి ఆదివారం రాత్రికి తిరిగి చేరగలిగిన చారిత్రక నగరాల్లో ఓరుగల్లుకు సాటి వచ్చేది మరొకటి లేదని నా అభిప్రాయం. బీదరు ఒక్క రోజులో అయిపోతుంది. హంపికి రెండు రోజులు చాలవు. వరంగల్లు సుమారు 145 కిలోమీటర్లు, 163వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు మూడు గంటల ప్రయాణం. ఈ యాత్రను పాడుచేసేది దూరం కాదు, దురాశ. దారిలో యాదగిరిగుట్ట, భువనగిరి కోట, కొలనుపాక, ఊళ్లో భద్రకాళి గుడి, ఆవల లక్నవరం చెరువు, ఇవన్నీ రెండు రోజుల్లో చుట్టేయాలనుకుంటే ప్రతిచోటా ఒక ఫొటో దిగి మళ్లీ కారెక్కడమే మిగులుతుంది. అందువల్ల కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి అనే మూడు కాకతీయ కట్టడాలను తీరిగ్గా చూడాలని ముందే తీర్మానించుకుని, మిగిలినవాటిని వీలును బట్టి కలుపుకోవడం మంచిది.

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఎండాకాలంలో కోటలోని రాళ్ల మధ్య పది గంటల తర్వాత నిలబడడం కష్టం. వానాకాలంలో పచ్చదనం కనువిందు చేసే మాట నిజమే గాని, ములుగు వైపు రహదారిని నమ్మడానికి లేదు. 2023 జులైలో రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో సుమారు 650 మిల్లీమీటర్ల వాన కురిసింది. హనుమకొండ, ములుగుల మధ్య కటాక్షపూర్ చెరువు మత్తడి పోసినప్పుడు రాకపోకలు నిలిచిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. కాబట్టి ఆ నెలల్లో వెళ్లేవారు శుక్రవారం సాయంత్రం వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోవాలి. రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతర రోజుల్లో ఇదే దారి భక్తుల వాహనాలతో నిండిపోతుంది; జాతర చూడడమే ఉద్దేశమైతే తప్ప ఆ వారాలను వదిలేయండి. బతుకమ్మ పండుగ తొలిరోజైన ఎంగిలిపూల బతుకమ్మ నాటి సాయంత్రం వేయిస్తంభాల గుడి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. ఆ వేడుకను చూడాలంటే వెళ్లాల్సిన రోజే అది, శిల్పాన్ని చూడాలంటే మాత్రం కాదు.

కారు సంగతికి వద్దాం. నలుగురికి చిన్న కారు చాలు. ఐదుగురు సామానుతో ఇరుకున పడతారు. ఇంట్లోవారి కారు దొరికితే దానికి మించింది లేదు. అద్దెకు తీసుకుంటే నంబరు ప్లేటు చూడండి: మనమే నడుపుకునేందుకు చట్టప్రకారం అద్దెకిచ్చే వాహనానికి నల్లని ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు సొంత కారును తక్కువ అద్దెకు ఇస్తామనే వారి దగ్గర తీసుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పరిహారాన్ని తిరస్కరించే వీలుంది. డిపాజిట్ ఎంత, రోజుకు ఎన్ని కిలోమీటర్ల పరిమితి, ఆలస్యమైతే గంటకు ఎంత వసూలు చేస్తారు అనే మూడు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోవాలి. కారు అద్దెకిచ్చేవారిలో చాలామంది డ్రైవరుకు ఇరవై ఒక్క ఏళ్లు నిండాలని పట్టుబడతారు కనుక లైసెన్సు ఉన్నంత మాత్రాన సరిపోదు. కారు చేతికి రాగానే నాలుగు వైపులా, చక్రాల రిమ్ములతో సహా వీడియో తీసి, ఇంధనం ముల్లునూ కిలోమీటర్ల అంకెనూ ఫొటో తీసుకోండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో, జాకీ ఉందో లేదో అక్కడే చూడాలి. లైసెన్సు, ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి. నడపగలిగినవారు కనీసం ఇద్దరు లేకపోతే ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. రైలెక్కి కాజీపేటలో దిగి, అక్కడి నుంచి డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవడం మేలు.

ఖర్చు లెక్క కష్టమేమీ కాదు. రానుపోను హైదరాబాదు నుంచి 290 కిలోమీటర్లు, వరంగల్లు నుంచి రామప్పకు వెళ్లి రావడం సుమారు 140, ఊళ్లో తిరుగుడు యాభై, మొత్తం 480 అనుకోండి. లీటరుకు పదిహేను కిలోమీటర్లిచ్చే కారుకు ముప్పై రెండు లీటర్లు పడుతుంది. దానికి టోలు, గది అద్దె కలిపి, తలకు ఇంత అని బయలుదేరక ముందే ఒకరి ఖాతాలో వేయించాలి. లెక్క రాసే మనిషి, కారు నడిపే మనిషి ఒకరే కాకుండా చూసుకోండి. ఇంధనం, టోలు, గది ఉమ్మడి ఖర్చులు. భోజనం, చిరుతిళ్లు, కొనుగోళ్లు ఎవరివి వారివి. ఈ గీత ముందు గీయకపోతే, శాకాహారి స్నేహితుడు మిగతావారి బిర్యానీకి వాటా కట్టాల్సి వచ్చి పైకి అనలేక మూతి ముడుచుకుంటాడు. ఫాస్టాగ్‌లో డబ్బుందో లేదో ముందు రోజే చూడండి, ఆ టోలు అద్దెలో కలిసి ఉందో లేదో కూడా అడగండి.

శనివారం ఐదున్నరకల్లా నగరం దాటాలి. ఉప్పల్ గుండా వెళ్తే సమయమంతా అక్కడే కరిగిపోతుంది. నగరానికి పడమర వైపు ఉండేవారు ఔటర్ రింగు రోడ్డు పట్టుకుని ఘట్‌కేసర్ దగ్గర దిగడం నయం. ద్విచక్ర వాహనాలకు ఔటర్ మీద అనుమతి లేదని బైకుల మీద వచ్చే మిత్రులుంటే చెప్పండి. దారిలో ఒక్క మజిలీయే పెట్టుకోండి. ఒంట్లో సత్తువ ఉంటే భువనగిరి కోట ఎక్కవచ్చు. చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలం నాటిదిగా చెప్పే ఆ ఏకశిలా కొండ మీద రాయి నున్నగా ఉంటుంది. తడిసి ఉంటే ఎక్కే ఆలోచనే వద్దు. ఎక్కడం ఇష్టం లేకపోతే ఆలేరు దగ్గర పక్కకు తిరిగి కొలనుపాకలో జైన మందిరాన్నీ, సోమేశ్వరాలయంలో కూర్చిన పాత శిల్పాలనూ చూడండి. జనగామకు ముందు తగిలే పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో, ఉలితో కొట్టి బొమ్మలు దేల్చే పనివారిని చూసేందుకు అరగంట చాలు. కొనకపోయినా వారు విసుక్కోరు, కానీ పని చేస్తున్న చేతుల ఫొటో తీసే ముందు అడగడం మర్యాద.

ఇక చూసే వరుస. కాలక్రమాన్ని బట్టి వేయిస్తంభాల గుడి 1163 నాటిది, రామప్ప 1213 నాటిది, కోట తుగ్లకుల చేతికి చిక్కింది 1323లో. ఈ వరుసలో చూడడం పుస్తకానికి బాగుంటుంది గాని ప్రయాణానికి కుదరదు. శనివారం మధ్యాహ్నం హనుమకొండలో గదిలో సామాను పెట్టి, భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, నాలుగు గంటలకు కోటకు వెళ్లండి. ముందు శిథిలమైనది చూసి, మర్నాడు నిలిచి ఉన్నది చూస్తే రెండూ బోధపడతాయి.

కోట అంటే గోల్కొండ లాంటి కొండకోటను ఊహించుకున్నవారు ఇక్కడ తికమక పడతారు. బయట మట్టికోట, లోపల కందకం, దానికి ఆనుకుని రాతికోట. ఆ వలయాల లోపల ఈనాటికీ ఇళ్లు, పొలాలు, బడులు ఉన్నాయి. రాతికోటను గణపతిదేవుడు కట్టించగా రుద్రమదేవి దాని ఎత్తు పెంచిందని చెబుతారు. ప్రవేశ ద్వారాలు మలుపులు తిరిగి ఉండడాన్ని గమనించండి, శత్రువుల ఏనుగులు నేరుగా పరుగెత్తుకు రాకుండా చేసిన ఏర్పాటది. నడిమధ్యన నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలిచి ఉన్నాయి. తెలంగాణ రాజముద్రలో కనిపించేది ఈ తోరణమే. వాటి నడుమ ఉండిన స్వయంభూ శివాలయం మాత్రం ముక్కలై నేల మీద పరుచుకుంది. తోరణం కింద ఫొటో దిగి వచ్చేయకుండా ఆ ముక్కల మధ్య నడవండి. ఒక రాయి మీద వరుసగా హంసలు, మరోదాని మీద సగం విరిగిన పూలదండ, పక్కనే పైకప్పు నుంచి పడిన తామరపువ్వు కనిపిస్తాయి. ఏది స్తంభమో, ఏది దూలమో, ఏది కప్పు పలకో మిత్రులు పోటీపడి గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తే గంట ఇట్టే గడిచిపోతుంది. ఆ దగ్గరలోని ఖుష్‌మహల్ కాకతీయుల తర్వాతి పాలకుల కట్టడం. వాలుగా లేచిన గోడలనూ ఎత్తైన కమానులనూ చూస్తే ఏలిక మారిందని చరిత్ర చదవనివారికి కూడా తెలిసిపోతుంది. రాతి మీద పేరు గీకే సరదా ఎవరికైనా ఉంటే, రక్షిత కట్టడానికి హాని చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయని చెప్పండి. డ్రోనుకు, స్టాండు కెమెరాకు ముందస్తు అనుమతి కావాలి.

గది విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి వస్తున్నప్పుడు కొన్ని లాడ్జీలు చివరి నిమిషంలో కాదంటాయి. ఆన్‌లైన్లో డబ్బు కట్టినా సరే, ముందు ఫోను చేసి అందరి వయసూ చెప్పి ఒప్పించుకోండి. అందరి దగ్గరా గుర్తింపు కార్డు ఉండాలి. హాస్టల్లో అవుట్‌పాస్ నిజమైన ఊరి పేరుతోనే తీసుకోండి, ఏదైనా జరిగితే వెతికేవారికి అదే ఆధారం. రాత్రి భోజనానికి హనుమకొండలో కొదవ లేదు. సర్వపిండి దొరికితే వదలకండి.

వేయిస్తంభాల గుడిని ఆదివారం పొద్దున్నే, జనం చేరక ముందు చూడాలి. రుద్రదేవుడు కట్టించిన ఈ త్రికూటాలయంలో శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుడులున్నాయి. గుడి ముందరి నల్లరాతి నంది నునుపును దగ్గరి నుంచి చూడండి. ఎదుటి కల్యాణమండపాన్ని పురావస్తు శాఖ విప్పి, ఏళ్ల తరబడి శ్రమించి మళ్లీ పేర్చి, 2024 శివరాత్రికి తెరిచింది. నిన్న కోటలో చూసిన ముక్కలను కూడా ఇలా కూర్చవచ్చు కదా అనే చర్చ కారులో తప్పక వస్తుంది, రానివ్వండి.

ఏడున్నరకల్లా రామప్పకు బయలుదేరితే తొమ్మిదింటికి పాలంపేటలో ఉంటారు. ములుగు దాటాక జంగాలపల్లి అడ్డరోడ్డు దగ్గర తిరగాలి. గుడి దగ్గర తినడానికి పెద్దగా ఉండదు కనుక టిఫిను దారిలోనే ముగించండి. చెప్పులు విడిచి రాతి మీద నడవాలి; మధ్యాహ్నమైతే అరికాళ్లు కాలుతాయి, సాక్సులు వెంట ఉంచుకోండి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. పునాదిలో ఇసుక నింపి దాని మీద కట్టడం, బరువు తగ్గించేందుకు శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడడం ఇంజినీరింగు విద్యార్థులను కట్టిపడేస్తాయి. నేల అక్కడక్కడ కుంగి అలల్లా ఉన్నా గుడి నిలిచే ఉంది. బయట చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి స్త్రీమూర్తులను, అంటే మదనికలను, ఒక్కొక్కరినే చూడండి: ఒకతె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు కనిపిస్తాయి. లోపల ఒక స్తంభం మీది శిల్పాన్ని తట్టి స్వరాలు పలికించి చూపే అలవాటు ఉంది. ఎనిమిది వందల ఏళ్ల రాయిని మనం కూడా తట్టనవసరం లేదు. పక్కన రామప్ప చెరువు కట్ట మీద కాసేపు కూర్చుని, పన్నెండింటికి వెనుదిరగాలి. లక్నవరం వెళ్లాలనే పట్టుదల ఉంటే వేయిస్తంభాల గుడిని శనివారానికి జరుపుకోవాల్సిందే.

తిరుగు ప్రయాణంలోనే ప్రమాదం ఎక్కువ. మధ్యాహ్న భోజనం తర్వాత నడిపేవారికి కునుకు పడుతుంది. గంటకోసారి డ్రైవరును మార్చండి, పక్క సీటులో కూర్చున్నవారు నిద్రపోకూడదని నియమం పెట్టండి. వెనక సీటువారికీ బెల్టు తప్పనిసరి. మద్యం సంగతి బయలుదేరే ముందే తేల్చుకోండి, నడిపే ఇద్దరూ రెండు రోజులూ ముట్టకూడదు. రహదారి మీద కారు ఆగిపోతే 1033కు, గాయాలైతే 108కి ఫోను చేయాలి. ఏడింటిలోగా ఘట్‌కేసర్ చేరితే ఆదివారం రాత్రి రద్దీ కొంత తప్పుతుంది. కారు అప్పగించే ముందు తీసుకున్నంత ఇంధనం నింపి, మొదటి రోజు తీసిన వీడియో పక్కన పెట్టుకుని యజమాని ఎదుటే మళ్లీ వీడియో తీసి, డిపాజిట్ ఎప్పుడు వస్తుందో రాయించుకోండి. ఉమ్మడి లెక్కను ఆ రాత్రే గ్రూపులో పెట్టి ఎవరి బాకీ వారితో కట్టించండి. సోమవారం దాటితే వసూలు కావు.