స్నార్కెల్ పెట్టించాలా వద్దా? ముందు మీ బండి ఏం చెబుతోందో చూడండి

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటలను ముంచేసిన దగ్గర్నుంచి విజయవాడలో ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే) బండి ఉన్నవాళ్ల మధ్య స్నార్కెల్ మాట తరచూ వస్తోంది. ఆటోనగర్‌లో అడిగితే మడ్గార్డ్ కోసి సాయంత్రానికల్లా బిగించి ఇచ్చేవాళ్లు దొరుకుతారు. అయితే కోయించిన మడ్గార్డ్ మళ్లీ మామూలుగా కాదు. అందుకే ఆ పని చేయించే ముందు ఈ నాలుగు మాటలు చదవండి.

ఇంజన్ గాలి పీల్చుకునే చోటును బానెట్ కింది నుంచి పైకప్పు ఎత్తుకు తీసుకెళ్లే గొట్టమే స్నార్కెల్. అది ఒక్క దారినే కాపాడుతుంది. బండిలోకి నీళ్లు పోవడానికి ఇంకా చాలా దారులున్నాయి. మీ బండికి ఏ దారిన ఇబ్బంది వస్తోందో తెలిస్తే స్నార్కెల్ కావాలో వద్దో దానంతట అదే తేలిపోతుంది.

లక్షణం: నీళ్లలో వెళ్తుండగా ఇంజన్ ఠక్కున ఆగిపోయింది

అన్నిటికన్నా ముందు ఒక మాట. ఆగిన చోట మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. ఒక్కసారి కూడా వద్దు. వెనకనుంచి హారన్లు మోగుతున్నా సరే, నీళ్లు లోపలికి వస్తున్నా సరే, తాళం తీసేసి దిగండి. గేర్‌లో వేసి తోయించడం, గేర్‌లో ఉంచి తాడుతో లాగించడం కూడా సెల్ఫ్ కొట్టినంత పనే చేస్తాయి.

ఎందుకంటే గాలి నొక్కితే చిన్నదవుతుంది, నీళ్లు కావు. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌నే తీసుకోండి. ఒక్కో సిలిండర్‌కు 550 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో గాలి ఎన్నో వంతుకు నొక్కుకుపోతుందో చెప్పే అంకె) 16 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే జాగా సుమారు 35 మిల్లీలీటర్లే. అంటే చిన్న టీ గ్లాసులో సగం నీళ్లు చేరినా పిస్టన్ పైకి రాలేదు. ఆ దెబ్బను పిస్టన్‌ను కిందినుంచి పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ తీసుకుని వంగిపోతుంది. పెట్రోల్ ఇంజన్‌లో కంప్రెషన్ తక్కువ కాబట్టి కాస్త ఎక్కువ జాగా ఉంటుంది. అయినా ప్రమాదం అదే.

బండిని న్యూట్రల్‌లో పెట్టి గట్టుకు లాగించాక ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి. కాగితం పొడిగా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. ఇంజన్ ఆగింది ఏదో సెన్సర్ తడిసో, కనెక్టర్‌లోకి నీళ్లు పోయో అయ్యుంటుంది. ఆ బండికి స్నార్కెల్ పెట్టించినా అదే చోట మళ్లీ ఆగుతుంది.

ఫిల్టర్ తడిసి ఉంటే బ్యాటరీ వైరు తీసేసి టోయింగ్‌కు చెప్పండి. గ్యారేజీలో పెట్రోల్ బండికైతే స్పార్క్ ప్లగ్గులు, డీజిల్‌కైతే హీటర్ ప్లగ్గులో ఇంజెక్టర్లో విప్పి, క్రాంక్ పుల్లీకి స్పానర్ వేసి చేత్తో తిప్పించాలి. నీళ్లన్నీ బయటికి వచ్చాకే సెల్ఫ్. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్పించాలి. తర్వాత ప్రతి సిలిండర్‌కూ కంప్రెషన్ టెస్ట్ అడిగి మరీ చేయించండి. ఒక దాంట్లో రీడింగ్ తక్కువ వస్తే రాడ్ వంగి ఉండవచ్చు. వంగిన రాడ్‌తో కూడా ఇంజన్ కొన్నాళ్లు నడుస్తుంది. ఆ తర్వాత విరిగి బ్లాక్‌ను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. "స్టార్టయింది కదా సార్" అన్న మాటతో సరిపెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నది ఇందుకే.

ఇంతకీ ఫిల్టర్ తడిసిన బండికి స్నార్కెల్ కావాలా? అది మీరు దిగిన నీళ్ల లోతు మీద ఆధారపడుతుంది. టేపు తీసుకుని నేల నుంచి గాలి పీల్చే గొట్టం మూతి దాకా కొలవండి. చాలా బండ్లకు అది హెడ్‌లైట్ వెనకో, బానెట్ ముందు అంచు కిందో ఉంటుంది. ఆ ఎత్తులోంచి ఒక జానెడు తీసేయండి. కదిలే బండి ముందు అల లేస్తుంది కదా, ఆ జానెడు దానికి పోతుంది. మిగిలిన దాన్ని కంపెనీ మాన్యువల్లో రాసిన నీటి లోతుతో పోల్చి, ఏది తక్కువైతే అదే మీ హద్దు అనుకోండి.

ఆ కంపెనీ అంకెల్లో అందరూ గమనించాల్సిన విషయం ఒకటుంది. మహీంద్రా థార్‌కు చెప్పే లోతు 650 మిల్లీమీటర్లు, దానికి స్నార్కెల్ లేదు. ఫోర్స్ గూర్ఖా ఫ్యాక్టరీ నుంచే స్నార్కెల్‌తో వస్తుంది, దానికి చెప్పే లోతు 700. తేడా 5 సెంటీమీటర్లే. గూర్ఖా గొట్టం మూతి పైకప్పు దగ్గరున్నా కంపెనీ అంతకుమించి దిగమనడం లేదు. ఎందుకంటే లోతును తేల్చేది గాలి గొట్టం ఒక్కటే కాదు. కరెంటు పెట్టెలు, గేర్‌బాక్సు, ఆల్టర్నేటర్, బండి బరువు అన్నీ కలిసి తేలుస్తాయి. థార్‌కు స్నార్కెల్ బిగించినంత మాత్రాన నడుము లోతు నీళ్లలో దిగే బండి అయిపోదు.

మోకాలి లోతు నీళ్లు దాటేటప్పుడు ఫిల్టర్ తడిస్తే కారణం ఎక్కువసార్లు వేగమే. ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తిరిగే అమరిక), మొదటి గేరో రెండో గేరో వేసి, మనిషి నడిచే వేగంతో ఆగకుండా వెళ్లండి. మధ్యలో క్లచ్ తొక్కకండి. గుంటూరు కంకరగుంట అండర్‌పాస్‌లోనో, మన విజయవాడ లోబ్రిడ్జి కిందో నీళ్లు నిలిచినప్పుడు ఎదురుగా బస్సు వస్తుంటే అది గట్టెక్కేదాకా ఇవతలే ఆగండి. అది తోసే అల మీ బానెట్ మీదికి వస్తుంది. దీనికి ఓపిక ఉంటే చాలు, గొట్టం అక్కర్లేదు.

లక్షణం: నీళ్లు దాటాం, ఇంజన్ బాగుంది. కొన్నాళ్లకు వెనక క్రౌన్ నుంచి రోద మొదలైంది

మన ప్రాంతంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. నష్టం చప్పుడు లేకుండా జరిగిపోతుంది.

హైవే మీద వచ్చిన బండి డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య చక్రాలను తిప్పే గేర్ల పెట్టె, క్రౌన్ గేరు ఇందులోదే) వేడిగా ఉంటుంది. ఆ వేడితో వాగులో దిగితే హౌసింగ్ లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి నుంచి ఏది దొరికితే అది లోపలికి లాగుతుంది. అలా లాగకుండా పైనుండే చిన్న గాలి రంధ్రం, అంటే బ్రీతర్, గాలి ఇవ్వాలి. బ్రీతర్ నీళ్లలో మునిగి ఉంటే నీళ్లే ఇస్తుంది. బురదతో మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీలు పక్కనుంచి నీళ్లు పోతాయి. గేర్‌బాక్సులోనూ, ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోనూ జరిగేదీ ఇదే.

పరీక్ష తేలిక. డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి రెండు చుక్కలు చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. మొత్తం తీసేసి, కొత్త ఆయిల్ పోసి, కొన్ని కిలోమీటర్లు తిప్పి మళ్లీ చూడాలి. రంగు ఇంకా మారితే మరోసారి ఆయిల్ మార్చాలి. ఆలస్యం చేస్తే బేరింగులు తుప్పు పడతాయి, అప్పుడు క్రౌన్ పినియన్ దాకా విప్పాల్సి వస్తుంది.

శాశ్వత పరిష్కారం బ్రీతర్లకు రబ్బరు గొట్టాలు వేసి బానెట్ లోపల పైభాగానికి తీసుకెళ్లి కట్టడం. కోత లేదు, వెల్డింగ్ లేదు. స్నార్కెల్‌కు పెట్టే డబ్బులో చిన్న భాగంతో అయిపోతుంది. పెదమద్దూరు వాగు, కట్టలేరు లాంటి చోట్ల తక్కువ నీళ్లున్న రోజుల్లో తిరిగే బండికి మొదట చేయించాల్సిన పని ఇదేనని నా గట్టి నమ్మకం. బ్రీతర్లు పైకి తీయకుండా స్నార్కెల్ పెట్టించడం అంటే ఇంజన్‌ను కాపాడి మిగతా బండిని వదిలేయడమే.

లక్షణం: ఎయిర్ ఫిల్టర్ సర్వీసు దాకా ఆగడం లేదు, బండి లాగడం లేదు

స్నార్కెల్‌కు నేను మనస్ఫూర్తిగా ఔనని చెప్పేది ఇక్కడ. నీళ్ల కోసం కాదు, దుమ్ము కోసం.

ఇబ్రహీంపట్నం వైపు బూడిద టిప్పర్ల వెనక, కృష్ణ ఇసుక రీచుల్లో, చేబ్రోలు గ్రావెల్ క్వారీల దారుల్లో రోజూ తిరిగే బండి ముందు చక్రాలు లేపిన దుమ్మునే పీలుస్తుంది. పైకప్పు ఎత్తులో గాలి అంతకన్నా చాలా శుభ్రంగా ఉంటుంది. స్నార్కెల్ తల దగ్గర గాలిని సుడి తిప్పి దుమ్మును విడదీసే ప్రీక్లీనర్ పెట్టుకుంటే ఫిల్టర్ ఇంకా ఎక్కువ రోజులు వస్తుంది.

కాకపోతే ముందు ఫిల్టర్ డబ్బా క్లిప్పులు గట్టిగా పడుతున్నాయా, ఫిల్టర్ అంచు రబ్బరు సరిగ్గా కూర్చుందా చూడండి. ఫిల్టర్ దాటాక గొట్టంలో వేలు పెట్టి తుడిస్తే దుమ్ము అంటిందంటే అది లీకేజీ. స్నార్కెల్ దాన్ని బాగుచేయదు. ఆ దుమ్ము నేరుగా టర్బోను, బోరును (సిలిండర్ లోపలి గోడను) అరగదీస్తుంది. నెలకోసారి కొండపల్లి అడవి దారిలో సరదాగా తిరిగే బండికైతే, తిరిగొచ్చాక ఫిల్టర్ తీసి చూసుకుంటే సరిపోతుంది.

లక్షణం: నీళ్లలో బండి పక్కకు జరుగుతోంది, స్టీరింగ్ తేలికైపోయింది

బండి తేలుతోందని అర్థం. పారే నీళ్లు అడుగు లోతుంటేనే చిన్న కార్లు తేలడం మొదలుపెడతాయి. రెండడుగులుంటే పెద్ద బండ్లనూ ఈడ్చుకుపోతాయి. 2024 ఆగస్టు 31న పెదకాకాని మండలం ఉప్పలపాడు దగ్గర వాగులో కారు కొట్టుకుపోయి ఒక టీచరు, ఇద్దరు పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. స్నార్కెల్ ఉన్న బండి కూడా ఇలాగే కొట్టుకుపోతుంది, ఇంజన్ నడుస్తూనే. ఇక్కడ పరిష్కారం వెనక్కి తిరిగి వెళ్లడం ఒక్కటే. గొట్టం ఉందన్న ధైర్యంతో పారే వాగులో దిగే మనిషైతే, అలాంటివాళ్లు స్నార్కెల్ పెట్టించుకోకపోవడమే మేలు.

లక్షణం: ఇంటి ముందు పెట్టిన బండి మునిగింది

బుడమేరు నీళ్లకు పాడైన బండ్లలో ఎన్నో కదలకుండా నిలబెట్టినవే. రోజుల తరబడి నిలిచిన నీళ్లలో సీట్ల కింది వైర్లు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు పెట్టె), ఇంజన్, అన్నీ తడుస్తాయి. దీనికి స్నార్కెల్‌తో సంబంధమే లేదు. హెచ్చరిక రాగానే బండిని ఎత్తైన చోటికి చేర్చడం, ఇన్సూరెన్స్ పాలసీలో ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ (ఇంజన్ నష్టానికి విడిగా తీసుకునే రక్షణ) ఉందో లేదో ఈరోజే చూసుకోవడం, ఈ రెండే చేయగలిగింది. ఆ యాడ్ ఆన్ లేని పాలసీల్లో, మునిగిన బండికి సెల్ఫ్ కొట్టడం వల్ల ఇంజన్ పోతే మామూలుగా క్లెయిమ్ ఇవ్వరు.

లక్షణం: స్నార్కెల్ పెట్టించాక కూడా ఫిల్టర్ తడుస్తోంది

బయటికి గొట్టం కనిపిస్తుంది, లోపల ఫిల్టర్ డబ్బాతో సరైన అతుకు ఉండదు. కొన్ని అయితే కేవలం చూపుకే, పాత మూతి అలాగే తెరిచి ఉంటుంది. డబ్బా అడుగున నీళ్లు కారడానికి ఉంచిన చిన్న రబ్బరు వాల్వు చిరిగి ఉన్నా నీళ్లు అక్కడినుంచే ఎక్కుతాయి.

బిగించినవాళ్ల ఎదురుగానే పరీక్ష చేయండి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా స్నార్కెల్ మూతిని గట్టి రబ్బరు షీటుతో మూసేయండి. ఒకట్రెండు క్షణాల్లో ఇంజన్ కొట్టుకుని ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తూ ఉంటే ఇంకెక్కడి నుంచో గాలి లాగుతోంది. గాలి పోయే చోటే నీళ్లూ పోతాయి, డబ్బులు ఇవ్వకముందే సరిచేయించండి. కోసిన అంచుకు తుప్పు పట్టకుండా ప్రైమర్ వేశారో లేదో కూడా అప్పుడే చూడండి.

కాగితాల విషయం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడాగా మార్పులు చేయడాన్ని ఒప్పుకోదు. కాబట్టి మీ మోడల్‌కు కంపెనీయే అమ్మే స్నార్కెల్ ఉంటే దాన్ని షోరూంలో పెట్టించి బిల్లు దాచుకోవడం మంచిది. బయట పెట్టించాలనుకుంటే ముందు రవాణా శాఖ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. వారంటీలో ఉన్న బండికైతే మడ్గార్డ్ కోసే ముందు సర్వీస్ సెంటర్‌ను అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.