ప్రైవేటు ప్రత్యేక పాఠశాలల నమోదు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యాజమాన్యాలకు దరఖాస్తు విధానం

దివ్యాంగ బాలల కోసం పాఠశాల పెట్టదలచినవారు సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్‌తోనే అనుమతి లభించినట్లు భావించరాదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 50వ సెక్షన్ ప్రకారం, సమర్థాధికారి (ఇందుకోసం రాష్ట్ర ప్రభుత్వం నియమించే అధికారి) జారీచేసిన నమోదు ధ్రువపత్రం లేకుండా దివ్యాంగుల సంస్థను స్థాపించడానికి గాని, నడపడానికి గాని వీలులేదు. ఈ చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, మళ్లీ ఉల్లంఘిస్తే 50,000 నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడుతుంది. తరగతుల వారీగా పాఠశాల విద్య బోధించేవారు విద్యాశాఖ గుర్తింపును జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం ద్వారా విడిగా పొందాలి. ప్రభుత్వమే నడిపే సంస్థలకు 50వ సెక్షన్ కింద నమోదు అవసరం లేదు.

ముందుగా పాఠశాల ఏ జిల్లా పరిధిలోకి వస్తుందో చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు మారాయి కనుక, పాత లెటర్‌హెడ్‌లోని చిరునామాతోనే దరఖాస్తు పెట్టడం అనవసరమైన తిరుగుళ్లకు దారితీస్తుంది. దరఖాస్తు నమూనా, రుసుము, సమర్పించే పద్ధతి వివరాలను ఆ జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలో తెలుసుకోవాలి.

రిజిస్ట్రేషన్ పత్రం, నియమావళి, కార్యవర్గ తీర్మానం, ఆడిట్ నివేదికలు, భవనం యాజమాన్య లేదా అద్దె పత్రాలు, విద్యార్థుల వైకల్య ధ్రువపత్రాల నకళ్లు సిద్ధం చేసుకోవడం మంచిది. వీటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఉపాధ్యాయుల విషయంలో. ప్రత్యేక విద్యలో డిప్లొమా లేదా బీఎడ్ పట్టా ఒక్కటే చాలదు. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) నిర్వహించే కేంద్ర పునరావాస రిజిస్టరులో ఆ ఉపాధ్యాయుని పేరు నమోదై, ఆ నమోదు గడువు తీరకుండా ఉండాలి. పట్టాలో పేర్కొన్న వైకల్య విభాగం పాఠశాలలోని పిల్లల అవసరానికి సరిపోవాలి. వినికిడి లోపం విభాగంలో శిక్షణ పొందిన ఒక్కరినే నియమించుకుని, ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పిల్లలను కూడా చేర్చుకుంటామని రాసిన దరఖాస్తు, కాగితాలన్నీ ఉన్నా, విచారణలో బలహీనంగానే నిలుస్తుంది.

భవనం విషయానికొస్తే, ర్యాంపు వాలు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కంటే నిటారుగా ఉండరాదు. తనిఖీకి ముందురోజు హడావిడిగా పోసిన సిమెంటు వాలు చక్రాల కుర్చీకి పనికిరాదు. మరుగుదొడ్డి తలుపు వెడల్పు, పట్టుకునే కడ్డీలు కూడా చూసుకోవాలి.

దరఖాస్తు అందిన తర్వాత సమర్థాధికారి విచారణ జరిపి, సంతృప్తి చెందితే 90 రోజుల్లోగా ధ్రువపత్రం మంజూరు చేయాలని 51వ సెక్షన్ చెబుతోంది. తిరస్కరించే ముందు దరఖాస్తుదారు వాదన వినాలి. తిరస్కరణను ఉత్తర్వు రూపంలో తెలియజేయాలి. ఆ ఉత్తర్వుపై 53వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు కాబట్టి, నోటిమాటగా చెప్పిన అభ్యంతరంతో సరిపెట్టుకోకుండా లిఖితపూర్వక ఉత్తర్వు కోరాలి. మంజూరైన ధ్రువపత్రం నకలును అందరికీ కనిపించే చోట ప్రదర్శించాలి. గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందే రెన్యువల్‌కు దరఖాస్తు చేయాలి.