విగ్రహానికి అనుమతి: ముందు సర్వే నంబరు చూసుకోండి

విగ్రహం పోత పోయించి, దిమ్మె కట్టించి, ఆవిష్కరణకు ముహూర్తం కూడా పెట్టుకున్నాక అనుమతి కోసం కలెక్టరేటు మెట్లెక్కేవారు చాలామంది. వెనక్కి వచ్చే దరఖాస్తుల్లో చాలావరకు స్థలం దగ్గరే ఆగిపోతాయి.

దరఖాస్తు రాయడం పెద్ద పనేమీ కాదు. ఎవరి విగ్రహం, ఎంత ఎత్తు, ఖర్చు ఎవరిది, తర్వాత ఆలనాపాలనా ఎవరిది అన్నవి రాసి, పంచాయతీ లేదా మున్సిపాలిటీ తీర్మానం, దిమ్మె నక్షా జతచేసి కలెక్టరుకు ఇవ్వాలి. రసీదు మరవకండి.

ఇక స్థలం సంగతి. రోడ్లు, కాలిబాటలు, రోడ్డు పక్కలు, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు గానీ కట్టడాలకు గానీ రాష్ట్రాలు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఉత్తర్వు ఇచ్చింది. అది అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది. మనవాళ్లకేమో విగ్రహం అనగానే నాలుగు రోడ్ల కూడలే గుర్తుకొస్తుంది! ప్రభుత్వమే ఇవ్వలేని అనుమతిని పంచాయతీ తీర్మానం తెచ్చిపెట్టదు. ఎమ్మెల్యే సిఫారసు లేఖా అంతే.

ఆ ఉత్తర్వులో వీధిదీపాలకు, ట్రాఫిక్ ఏర్పాట్లకు, రోడ్ల సుందరీకరణకు మినహాయింపు ఉంది. దళారులు పట్టుకునే కొస ఇదే. ‘సుందరీకరణ పనుల కింద రాయిద్దాం, ఖర్చవుతుంది’ అంటారు. అలా అన్నవారిని ఫైలు నంబరు అడగండి, చాలు.

అందుకే విగ్రహానికి అడ్వాన్సు ఇవ్వకముందే ఆ భూమి వివరాలుండే రెవెన్యూ రికార్డు, అంటే అడంగల్ లేదా పహాణీ, తీయించండి. సర్వేయరుతో కొలతలు వేయించి, మీరు అనుకున్న చోటు ఏ సర్వే నంబరులో పడుతుందో చూడండి. రోడ్డు పోరంబోకు (రోడ్డుకు కేటాయించిన ప్రభుత్వ భూమి) అని ఉంటే ఆ చోటు వదిలేయండి. ఎంత తిరిగినా కాళ్లనొప్పులే మిగులుతాయి. ప్రభుత్వ కార్యాలయ ఆవరణ అయితే ఆ స్థలం ఏ శాఖదో ఆ శాఖ నుంచి రాతపూర్వకంగా నిరభ్యంతర పత్రం తీసుకోండి. ‘కానివ్వండి, చూద్దాం’ అని అధికారి నోటితో అన్నది ఫైలులోకి ఎక్కదు, ఆయన బదిలీతో పాటే పోతుంది.

విగ్రహం ఇప్పటికే వచ్చేసిందా? కంగారు పడకండి. ముసుగు కప్పి ఎవరి సొంత ఆవరణలోనైనా భద్రపరచుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. రాత్రికి రాత్రి దిమ్మె ఎక్కిస్తే మాత్రం 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద నోటీసు వస్తుంది, ఆ తర్వాత క్రేన్ వస్తుంది.