ముసురు పట్టకముందే కోళ్ల గూడు కొలత చూసుకోండి

పెరట్లో పదీ పన్నెండు కోళ్లు పెంచుకునేవారు గూడు కట్టించేటప్పుడు సాధారణంగా రాత్రిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. పగలంతా బయట తిరిగి, పొద్దుగూకగానే లోపలికి వచ్చి ముడుచుకుని కూర్చునే కోడికి ఒక చదరపు అడుగు చోటు సరిపోతుంది కాబట్టి, వేసవిలో ఆ లెక్క తప్పనిపించదు. ఆషాఢ శ్రావణాల్లో ఎడతెరిపి లేని ముసురు పట్టి, తెల్లవారినా తలుపు తీయలేని రోజులు వచ్చినప్పుడు ఆ తప్పు బయటపడుతుంది. అందువల్ల కొలతను ముసురు రోజులను బట్టి నిర్ణయించుకోవాలి. అంటే కోడి ఒక్కింటికి కనీసం 2 చదరపు అడుగులు ఉండాలి.

మేము మొదట కట్టుకున్న గూడు 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు. అందులో గ్రామప్రియ అనే రకం పెట్టలు ఎనిమిది, ఒక పుంజు ఉండేవి. రెండో ఏడు వానల్లో రెండు రోజులు మూసి ఉంచి తలుపు తీస్తే, రెట్ట ఘాటుకు కళ్లు మండాయి. నేలపై పరిచిన ఊక తడిసి అట్టలు కట్టింది. ఒక పెట్టకు తోక దగ్గర ఈకలు ఊడి చర్మం ఎర్రబడగా, మిగిలినవి వంతులు వేసుకున్నట్టు అక్కడే పొడుస్తున్నాయి. తెగులనుకుని మందుల కోసం పరుగెత్తాము గానీ, అసలు కారణం ఇరుకు.

ఈనాటి కోళ్ల సంఖ్యతో లెక్క ఆపకూడదు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ, వనరాజా వంటి రకాలు పొదుగుకు అంతగా కూర్చోవు. కానీ మందలో నాటు పెట్ట ఒక్కటున్నా, అది ఎనిమిది పిల్లలను దింపితే మూడు నాలుగు నెలల్లో వాటికీ చోటు కావాలి. వనరాజా కోళ్లు బరువైనవి కనుక వాటికి ఒక్కోదానికి మరో అర చదరపు అడుగు కలుపుకోవడం మంచిది. పన్నెండు కోళ్లకు 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు గల గూడు సరిపోతుంది. పిల్లల తల్లిని మాత్రం వేరే గంప కింద ఉంచాలి.

కోడికి 8 అంగుళాల చొప్పున కూర్చునే కర్ర కావాలి కాబట్టి, పన్నెండింటికి నాలుగేసి అడుగుల కర్రలు రెండు పడతాయి. రెండింటినీ ఒకే ఎత్తులో బిగించాలి. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే ప్రతి సాయంత్రం పై కర్ర కోసం తగవు తప్పదు. నాలుగు పెట్టలకు ఒకటి చొప్పున అడుగు కొలత గల గుడ్ల పెట్టెలు చీకటి మూలన ఉంటే చాలు.

వాన జల్లు లోపలికి కొడుతుందన్న భయంతో నాలుగు వైపులా మూసేయడం, ఇరుకు తర్వాత మనం చేసే పెద్ద పొరపాటు. గోడను అడుగున్నర వరకు కట్టి, ఆపైన అర అంగుళం కన్నుల ఇనుప వల బిగించి, గాలివాన వచ్చే వైపు మాత్రం గోనె పట్టా వేలాడదీసి, దాని పైభాగాన గాలి ఆడేందుకు జానెడు సందు వదలాలి. కన్ను అంతకంటే పెద్దదైతే ఎలుకలు, వాటి వెంట పాములు దూరతాయి. నేలను పెరటి మట్టానికి అడుగున్నర ఎత్తున ఉంచాలి.

వడ్రంగిని పిలిచే ముందు, అనుకున్న కొలతను పెరట్లో ముగ్గుపిండితో గీసి, అందులో మేత తొట్టె, నీళ్ల పాత్ర, గుడ్ల పెట్టెలు పెట్టి చూడండి. మాకు వాటికే 5 చదరపు అడుగులు పోయాయి. అంత చోటు మీకూ పోతే, 4 అడుగుల వెడల్పు గల గూటి పొడవు మరో 15 అంగుళాలు పెంచవలసి ఉంటుంది. గూడు పూర్తయ్యాక, మృగశిర కార్తెకు ముందే పైకప్పు మీద నాలుగు బిందెల నీళ్లు కుమ్మరించి, చూరు నీరు గోడకు తగులుతోందేమో చూసి, తగిలితే రేకును ముందుకు జరపాలి.